అనుకున్నదే గారి వేసవి ప్రయాణం

మా మామయ్య జీవితంలో అనుకోకుండా జరిగినది ఒక్కటి కూడా లేదు. జరిగినవన్నీ ఆయన ముందే అనుకున్నవే. కాకపోతే, జరిగిపోయాక ముందే అనుకునేవాడు.

ఒకసారి భోజనాల బల్ల కాలు విరిగి కూరగిన్నె అత్తయ్య ఒళ్ళో పడింది. మామయ్య చేతిలో మంచినీళ్ళ గ్లాసు కూడా తొణకలేదు.

“అనుకున్నదే,” అన్నాడు. “ఆ కాలు ఈ వారంలో విరగాలి. విరిగింది.”

“అనుకున్నప్పుడు ఒక మాట చెప్పొచ్చుగా! నేను ఆ పక్క కూర్చునేదాన్నే కాదు,” అంది అత్తయ్య బట్టలు దులుపుకుంటూ.

“నువ్వు ఆ పక్క కూర్చోవడం కూడా అనుకున్నదేనోయ్. లేకపోతే కూరంతా నేలపాలయ్యేది.”

మామయ్య ఉద్యోగం బస్సు డిపోలో. టైంటేబుళ్ళు వేయడం ఆయన పని. ఆయన వేసిన టైముకు ఏ బస్సూ వచ్చిన దాఖలాలు లేవు. ఒకరోజు మేనేజరు పిలిచి నిలదీశాడట.

“ఏమయ్యా, ఏడున్నర బస్సు తొమ్మిదింటికి వచ్చిందేమిటి?”

“అనుకున్నదే సార్. ఏడున్నర అని రాస్తేనే తొమ్మిదింటికి వచ్చింది. తొమ్మిది అని రాసుంటే రేపు వచ్చేది.”

మేనేజరు కాసేపు ఫ్యాను వంక చూసి, ఇక వెళ్ళమన్నాడు. అప్పటి నుంచి డ్రైవర్లూ కండక్టర్లూ మామయ్యను అసలు పేరుతో పిలవడం మానేశారు. అందరికీ ఆయన ‘అనుకున్నదే గారు’.

ఇంట్లో ఏ పని తలపెట్టినా మామయ్య డిపో నుంచి తెచ్చుకున్న ఒక పొడుగాటి రిజిస్టరులో ముందు సిరాతో ప్రణాళిక రాసేవాడు. ఆ తర్వాత జరిగేది ఎలాగూ వేరే ఉంటుంది కాబట్టి, దాన్ని పెన్సిలుతో రాసేవాడు. బొటనవేలంత పెన్సిలు ఒకటి ఎప్పుడూ ఎడమ చెవి మీద ఉండేది. స్నానం చేసి వచ్చినా అది అక్కడే ఉంటుందని అత్తయ్య చెప్పేది. ఏదైనా తలకిందులైన క్షణంలో ఆ పెన్సిలు తీసి, నాలుకకు తడి అద్ది, సిరా వరుసల సందుల్లో ఏదో ఇరికించి, “ఇదిగో, రాసే ఉంది చూడండి” అని మన ముందు ఒకసారి ఆడించి, కళ్ళజోడు సర్దుకునేలోపు మూసేసేవాడు.

“వీడు చెప్పిన రోజుకు పుట్టలేదు. ఇరవై రోజులు ఆలస్యంగా పుట్టాడు. పుట్టాక ఏడవను కూడా ఏడవలేదు, అనుకున్నదే అన్నట్టు నా మొహం కేసి చూశాడు,” అనేది మా అమ్మమ్మ. కన్నతల్లి కాబట్టి ఆమెకు కొడుకు మీద ఎంత ప్రేమ ఉందో, అంత అపనమ్మకం కూడా ఉండేది.

ప్రతి వేసవికీ మామయ్య కుటుంబాన్ని కారెక్కించి, ఒక రోజు ప్రయాణం చేయించి, ఒక పెద్ద సరస్సు చేర్చి, అక్కడ పది రోజులు తెరచాప పడవలో తిప్పేవాడు. కారు వయసూ, ఆయన కూతురు మా వదిన వయసూ ఒకటే. పడవ వయసు ఎవరికీ తెలియదు. దాన్ని రెండు చక్రాల బండి మీదికి ఎక్కించి కారు వెనక కట్టేవాళ్ళు. కారు కన్నా పడవ మూడడుగులు పొడవు. పల్లం దిగేటప్పుడు చూస్తే కారు పడవను లాగుతోందా, పడవ కారును తరుముతోందా అని అనుమానం వచ్చేది.

కారులో మామయ్య, అత్తయ్య, అమ్మమ్మ, కాలేజీలో చేరిన వదిన, పదమూడేళ్ళ బావ. కారుకు సరిగ్గా అయిదే సీట్లు. ఆ లెక్క నా తొమ్మిదో ఏట చెడింది.

ఆ ఏడు మా అమ్మ మెట్ల మీద జారి, ఒకే కాలు రెండు చోట్ల విరగ్గొట్టుకుంది. మూడు నెలలు ఆసుపత్రి మంచం. నాన్న లారీ నడిపేవాడు. నెలకు రెండుసార్లు ఇంటికి వచ్చేవాడు, అదీ నిద్రపోవడానికి. దాంతో నేను చుట్టాల ఇళ్ళ మీద పడ్డాను. మొదట పిన్ని, తర్వాత పెదనాన్న. ఎవరూ చెడ్డవాళ్ళు కారు. అన్నం పెట్టారు, జడ వేశారు, బడికి పంపారు. కానీ ఇంటికి ఎవరొచ్చినా గుమ్మంలోనే చెప్పేవాళ్ళు: “పాపం, అనుకోకుండా వచ్చిపడింది. ఏం చేస్తాం?” ఆ మాట ఎన్నిసార్లు విన్నానంటే, బడిలో టీచరు ‘నీ గురించి అయిదు వాక్యాలు రాయి’ అంటే మొదటి వాక్యంగా దాన్నే రాశాను.

పరీక్షలు అయిపోయిన మర్నాడు పెదనాన్న నన్ను మామయ్య ఇంటి గేటు దగ్గర దించి, ఇంజనైనా ఆపకుండా వెళ్ళిపోయాడు. లోపల కారు కింద నుంచి రెండు కాళ్ళు బయటికి కనిపిస్తున్నాయి. ఆ కాళ్ళ చుట్టూ కుటుంబమంతా నిలబడి దులిపేస్తోంది.

“ఒకటో తారీఖున బయల్దేరాలన్నారు. ఇవాళ పద్నాలుగు!” అంటోంది వదిన.

“రెండు వారాల నుంచి ఆ కారు కిందే కాపురం. కాఫీ కూడా అక్కడికే తోస్తున్నాను,” అంది అత్తయ్య.

“అనుకున్నదే,” అంది కారు కింది గొంతు. “క్లచ్చి బాగుచేయడానికి సరిగ్గా రెండు వారాలు పట్టాలి.”

“నిన్న బ్రేకన్నావుగా నాన్నా?” అన్నాడు బావ.

“బ్రేకు బాగుపడితే క్లచ్చి పాడవుతుందిరా. అదీ అనుకున్నదే.”

నేను గేటు చప్పుడు చేశాను. కాళ్ళు కదిలి, మామయ్య మొత్తంగా బయటికి వచ్చాడు. రెండు వారాలు కారు కింద పనిచేసిన మనిషి చొక్కా మీద ఒక్క నూనె మరక లేదు. జుట్టు మాత్రం ఒక పక్కకు అణిగిపోయి ఉంది.

“వచ్చావా కోడలా! మంచిది. క్లచ్చి కూడా ఇప్పుడే అయిపోయింది. ఎల్లుండి పొద్దున్నే ప్రయాణం.”

“మరి ఇదెక్కడ కూర్చుంటుంది?” అన్నాడు బావ. “అయిదుగురికే చోటు. ఇది అనుకోకుండా వచ్చింది కదా.” బావ చెడ్డవాడేం కాదు. లెక్కల్లో గట్టివాడు, అంతే.

“ఎవడ్రా అన్నది? అనుకున్నదే!” అంటూ మామయ్య చెవి మీది పెన్సిలు తీశాడు. నాలుకకు అద్దాడు. కారులోంచి రిజిస్టరు లాగి ఏదో గీకాడు. “ఇదిగో, రాసే ఉంది. వెనక సీటు, మధ్యలో.” నేను చూడబోయేలోపు మూసేశాడు.

తొమ్మిదేళ్ళదాన్నయినా ఆ పెన్సిలు సంగతి నాకు తెలుసు. మా చుట్టాల్లో తెలియనివాళ్ళు లేరు. పెన్సిలు బయటికి వచ్చిందంటే, అది అనుకోనిదన్నమాట. విరిగిన బల్ల కాలు, ఆలస్యమైన బస్సు, ఇప్పుడు నేను. నాకు చాలా ఏడుపొచ్చింది. ఇక్కడ కూడా నాలుగు రోజులు ఉంచుకుని ఇంకో గేటు దగ్గర దించేస్తారు అనుకున్నాను. అలా జరగకూడదంటే ఒకటే దారి, పనికొచ్చే పిల్లననిపించుకోవాలి. అప్పటికప్పుడే గట్టిగా నిశ్చయించుకున్నాను.

ప్రయాణం రోజున వెనక సీటు మధ్యలో ఓ చిన్న దిండు వేసి ఉంది. ఎవరో మర్చిపోయారేమో అనుకుని దాని మీదే కూర్చున్నాను. పది గంటలకు రోడ్డు రెండుగా చీలింది. కుడివైపు సరస్సు బొమ్మతో పెద్ద బోర్డు ఉంది. మామయ్య ఎడమవైపు తిప్పాడు. ఆ దారి సన్నబడి, మట్టిదై, చివరికి ఒక కోళ్ళఫారం గేటు ముందు ఆగిపోయింది. వెనక పడవ ఉండగా కారును వెనక్కి నడపడం మామయ్యకు రాదు. ఫారం యజమాని బయటికి వచ్చి, ముందు కారునూ తర్వాత పడవనూ చూసి, నోరు తెరుచుకుని నిలబడ్డాడు.

“అనుకున్నదే,” అన్నాడు మామయ్య దిగుతూ. “గుడ్లు కావాలండీ.”

“ఎన్ని కావాలి సార్?”

మామయ్య ఒకసారి కారులోకి చూసి తలలు లెక్కపెట్టాడు. “ఆరుగురం. నూట ఇరవై ఇవ్వండి.”

“ఒరేయ్, నూట ఇరవై గుడ్లు పెట్టడానికి ఆ కోళ్ళకైనా సమయం పడుతుందిరా!” అంది అమ్మమ్మ లోపలి నుంచి.

అన్ని గుడ్లు కొన్న మర్యాదకు యజమాని గేట్లు తీయించి, కోళ్ళ షెడ్ల చుట్టూ తిప్పి పంపించాడు. అరవై గుడ్లు బావ ఒళ్ళో, అరవై నా ఒళ్ళో.

“చూశారా, మధ్యలో మనిషి లేకపోతే గుడ్లెక్కడ పెట్టేవాళ్ళం?” అన్నాడు మామయ్య అద్దంలోంచి నన్ను చూస్తూ. గుడ్లకు పీటనైనా, పనికొచ్చినందుకు నాకు కొంచెం ఊరట కలిగింది.

సరస్సు ఒడ్డున మామయ్య అందరికీ లైఫ్ జాకెట్లు పంచాడు. ఆరోది చిన్నది, ఎర్రది. నాకు అతికినట్టు సరిపోయింది. వదిన చిన్నప్పటిదై ఉంటుందనుకున్నాను. తర్వాత రిజిస్టరు చూస్తూ పనులు చదివాడు. బావకు చుక్కాని. వదినకు తెరచాప తాడు. అత్తయ్యకు పడవలోకి వచ్చే నీళ్ళు డబ్బాతో తోడిపోయడం. అమ్మమ్మకు గొడుగు కింద కూర్చుని అందర్నీ తిట్టడం.

“కోడలా, గాలి ఎటు నుంచి వీస్తోందో చెప్పడం నీ పని.”

నాకు అవమానమైంది. గాలి ఎటు నుంచి వీస్తోందో ఒడ్డున గడ్డి కూడా చెబుతుంది. అది పనా? పిల్లను ఊరుకోబెట్టడానికి అప్పటికప్పుడు పుట్టించిన మాట. అయినా నోరెత్తకుండా చెబుతూనే ఉన్నాను.

“కుడి పక్క నుంచి మామయ్యా.”

“అనుకున్నదే,” అని బావ చేత ఎడమకు తిప్పించి, పడవను బురదలోకి ఎక్కించేవాడు. మూడో రోజు సరస్సు నడిమధ్యలో గాలి పూర్తిగా ఆగిపోయింది. తెరచాప ఆరేసిన దుప్పటిలా వేలాడింది.

“ఇప్పుడేమిటి నాన్నా?” అంది వదిన.

“భోజనాల వేళ కదమ్మా. గాలికి మాత్రం ఆకలేయదా? అనుకున్నదే.”

మూడు గంటలు ఎండలో కూర్చుని ఉడికించిన గుడ్లు తిన్నాం. అప్పటికి గుడ్డును చూస్తేనే బావ మొహం తిప్పుకుంటున్నాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం ఒక చిన్న లంక దగ్గర ఆగాం. మామయ్య పడవను ఇసుకలోకి లాగి, తాడును ఒక మొద్దుకు కట్టాడు. అమ్మమ్మ పడవలోనే, గొడుగు కింద నిద్రపోతోంది. మిగతావాళ్ళు పొయ్యి రాజేయడానికి చెట్ల కిందికి వెళ్ళారు, మళ్ళీ గుడ్లకే. నేను ఒక్కదాన్నే మొద్దు దగ్గర నిలబడి ఆ ముడిని చూశాను. పిల్లి ఆడుకున్న దారపు ఉండలా ఉంది. నాకు పని దొరికింది! కిందా మీదా పడి ఆ ముడి విప్పి, మళ్ళీ కట్టాను. జడకు వేసుకునే రిబ్బను ముడి. రెండు చెవులూ సమానంగా, పువ్వులా వచ్చింది. ఎవరైనా చూసి మెచ్చుకుంటారని కాసేపు అక్కడే నిలబడి, ఎవరూ రాకపోతే నేనే పొయ్యి దగ్గరికి వెళ్ళాను.

పావుగంట తర్వాత అత్తయ్య తల ఎత్తింది.

“ఏమండీ, అత్తయ్యగారు వెళ్ళిపోతున్నారు.”

“ఎక్కడికి?”

“అటు.”

పడవ అప్పటికే ఒడ్డుకు వంద గజాల అవతల ఉంది. గొడుగు నిటారుగా ఉంది. గురక మాకు వినిపిస్తోంది. మామయ్య పరుగెత్తుకెళ్ళి బట్టలతోనే నీళ్ళలో దూకాడు. ఆయనకు ఈత వచ్చు, కాకపోతే పడవకు ఇంకా బాగా వచ్చు. రొప్పుతూ వెనక్కి వచ్చి ఒడ్డున నిలబడ్డాడు.

“ముడి ఎవరు విప్పారు?” అంది వదిన.

“నేనే,” అన్నాను. “మళ్ళీ కట్టాను వదినా. బాగా కట్టాను. రిబ్బను ముడి.”

బావ నా వైపు చూసి చూపు తిప్పుకున్నాడు. నా పని అయిపోయిందనుకున్నాను. ఉన్న ఒక్క అమ్మమ్మనూ నీళ్ళ పాలు చేసిన పిల్లను ఏ ఇంట్లో ఉంచుకుంటారు?

మామయ్య ఒంటి నుంచి నీళ్ళు కారుతుండగా, దూరమైపోతున్న తల్లినే చూస్తున్నాడు. మొహం తెల్లగా పాలిపోయింది. ఈసారి మాత్రం ‘అనుకోకుండా’ అనక తప్పదని అందరికీ తెలిసిపోయింది. అప్పుడు ఆయన తిరిగి నన్ను చూశాడు.

“అ... అనుకున్నదే,” అన్నాడు.

పెన్సిలు తీశాడు. రిజిస్టరు పడవలో ఉంది. అందుకని తడి అరచేతి మీదే రాయబోయాడు. అక్షరం పడలేదు. అయినా రాశాడు.

“అమ్మను ఒక్కసారి ఒంటరిగా తిప్పాలని నాకు ఎప్పటి నుంచో ఉంది. గొడుగుంది, జాకెట్ ఉంది, నీడపట్టున ఉంది. ఏం కోడలా, నిలబడ్డావేం? నీ పని నువ్వు చూడు. గాలి ఎటు నుంచి?”

కళ్ళు తుడుచుకుని చూశాను. పొయ్యి పొగ ఎటు వంగుతోందో చూశాను. “మన వెనక నుంచి మామయ్యా. నేరుగా అటు... ఆ చేపలవాళ్ళ రేవు వైపుకు.”

“రేవు వైపుకేనా? గట్టిగా చెప్పు.”

“రేవు వైపుకే.”

మామయ్య ఊపిరి వదిలిన చప్పుడు అందరికీ వినపడింది. పచ్చి ఆకులు వేసి పొగ పెంచాం. అత్తయ్య తువ్వాలు ఊపింది. కాసేపటికి రేవు నుంచి ఒక మోటారు పడవ కదిలి మా పడవకు అడ్డం వెళ్ళడం కనిపించింది. అప్పటిదాకా నా చెయ్యి మామయ్య తడి చేతిలోనే ఉంది.

చేపలవాళ్ళు గంటకు మా పడవను లాక్కొచ్చి అప్పగించారు. అమ్మమ్మ నిద్ర తీరిన మొహంతో, కళ్ళజోడు పెట్టుకుని, రిజిస్టరు ఒళ్ళో తెరుచుకుని నిటారుగా కూర్చుని ఉంది.

“భయపడ్డావా అమ్మా?” అన్నాడు మామయ్య.

“భయమా? నా జన్మలో ఇంత ప్రశాంతంగా ఎప్పుడూ లేను. గంటపైన ఒక్కడూ అనుకున్నదే అనలేదు. ఏమీ తోచక ఇది చదివాను.” ఇసుకలోకి దిగి అందర్నీ ఒకసారి చూసింది. “ఇంతకూ పడవ విప్పింది ఎవరు?”

నేను ముందుకు వచ్చాను. “నేనే అమ్మమ్మా. నన్ను పంపేస్తారా?”

“ఎక్కడికి?”

“ఇంకో ఇంటికి.”

అమ్మమ్మ కళ్ళజోడు మీదుగా నన్ను చూసి, రిజిస్టరు మొదటి పేజీ తీసి నా చేతిలో పెట్టింది. “చదువు. గట్టిగా చదువు, నాకు చెవుడు.” ఆమెకు చెవుడేం లేదు.

“అమ్మా! అది ఆఫీసు రిజిస్టరు!” అంటూ మామయ్య చెయ్యి చాపాడు.

“నువ్వు వెళ్ళి గుడ్లు చూసుకో.”

ఆ పేజీలో అంతా సిరా. మామయ్య గుండ్రటి అక్షరాలు. పైన వేసిన తారీఖు, మా అమ్మ కాలు విరిగిన వారానిది. కూడబలుక్కుంటూ చదివాను.

“వేసవి ప్రయాణం ఒకటో తారీఖు నుంచి పదహారుకు మార్పు. పిల్ల పరీక్షలు పదమూడుకు అవుతాయి. దాన్ని వదిలి వెళ్ళేది లేదు. ఈ సంగతి ఇంట్లో చెప్పకూడదు. దాని వల్లే ఆలస్యమని దాని మీద విసుక్కుంటారు. కారు బాగాలేదని చెప్పాలి. నన్ను విసుక్కుంటే ఫరవాలేదు, అలవాటే.

“వెనక సీటు మధ్యలో పిల్ల. అబ్బాయి మోచేతులు తగులుతాయి, దిండు వేయాలి.

“లైఫ్ జాకెట్ ఒకటి కొనాలి. ఎర్రది. కొలతలు చెల్లాయి ఉత్తరంలో రాస్తానంది.

“పడవలో ఆరో పని, గాలి చూడడం. నాకు చేతకాదు. దాని చూపు చురుకు.”

పేజీ మొత్తానికి పెన్సిలుతో ఉన్నది ఒక్కటే. ‘మధ్యలో పిల్ల’ పక్కన, వచ్చేసినట్టు గుర్తుగా ఒక టిక్కు.

ముందుగా తేరుకున్నది అత్తయ్య. “అంటే కారుకేమీ కాలేదా? మరి రెండు వారాలు దాని కింద ఏం చేశారండీ?”

“పడుకున్నాను,” అన్నాడు మామయ్య మెల్లగా. “చల్లగా ఉంటుంది.”

“చెబితే నేనేం విసుక్కునేవాణ్ణి కాదు,” అన్నాడు బావ.

“విసుక్కునేవాడివి,” అంది వదిన. “నేనూ విసుక్కునేదాన్నే.” అని నా తల మీద చెయ్యి వేసింది.

నేను రిజిస్టరును గుండెకు హత్తుకున్నాను. అందరూ మామయ్య వైపే చూస్తున్నారు. ఆయన చెవులు నా జాకెట్ కన్నా ఎర్రబడ్డాయి. చెయ్యి అలవాటుగా పెన్సిలు దాకా వెళ్ళి, ఏం రాయాలో తెలియక ఆగిపోయింది.

“అదా... అది... ఏదో అనుకోకుండా రాశానులే,” అన్నాడు.

అమ్మమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

“విన్నార్రా అందరూ? ఈ మాట కోసం నలభై అయిదేళ్ళు ఎదురుచూశాను.”

నేను మునివేళ్ళ మీద లేచి మామయ్య చెవి మీది పెన్సిలు లాగాను. ఆయన చేసినట్టే నాలుకకు అద్ది, సిరా అక్షరాల కింద రాశాను: ‘నాలుగో రోజు మధ్యాహ్నం మామయ్య “అనుకోకుండా” అన్నాడు.’

మామయ్య వంగి చదివాడు.

“బాగుంది,” అన్నాడు. “పక్కన ‘అనుకున్నదే’ అని కూడా రాయి.”